ఎత్తు స్టూలు

మొదటి పాట అయిపోయి జనమంతా కూర్చున్నారు. కాంతమణి ముందు నుంచీ కూర్చునే ఉంది. పాటకు లేవని మనిషి ఆ క్రైస్తవ గుడిలో ఆమె ఒక్కతే కాబట్టి, అందరూ లేచినప్పుడు ఆమె చుట్టూ చీరల గోడ ఒకటి లేస్తుంది, అందరూ కూర్చున్నప్పుడు మళ్లీ వెలుతురు వస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు పాట అంటే ఆ గోడ, గోడ లోపలి మసక, గంజి వాసన, కొబ్బరినూనె వాసన. ఇవాళ కూడా గోడ లేచింది, దిగింది. వెలుతురు వచ్చాక ఎదురుగా ఎప్పటిలాగే మేబెల్ మేడం వీపు కనిపించింది. లేత నీలం చీర, ఎక్కడా మడత చెదరని ఇస్త్రీ, భుజం దగ్గర పిన్ను, ముడిలోంచి ఒక్క తెల్ల వెంట్రుక బయటికొచ్చి ఫ్యాను గాలికి లేస్తూ పడుతూ ఉంది. కాంతమణి ఆ వెంట్రుకను చూస్తూ కూర్చుంది. కోపం రావాలి కదా అనుకుంది. రాలేదు. ఏడుపన్నా రావాలి. అదీ రాలేదు. కొన్నాళ్లుగా ఇంతే. కూరలో ఉప్పు తక్కువైనా తెలియడం లేదు, ఎక్కువైనా తెలియడం లేదు. భర్త ప్రభుదాసు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగితే, ఓహో ఇవాళ ఏదో తేడా పడింది అనుకోవడమే. ఆరాధన అయిపోగానే ఆ వీపు ఇటు తిరుగుతుంది. తిరిగి నవ్వుతుంది. ఏమాలోచించుకున్నావు కాంతమణీ అని అడుగుతుంది. దవాఖానలో పని ఉంచుకుంటుందా, తన చేత్తో తనే రాసిచ్చి వదులుకుంటుందా, అదీ అడిగేది. ఆ జవాబు కోసం లోపల వెతికితే, బట్టలన్నీ తీసేసిన బీరువాలో చెయ్యి పెట్టి తడిమినట్టు ఉంది.

జకర్యా అయ్యగారు ప్రకటనలు చదువుతున్నారు. స్త్రీల కూడిక ఎవరి ఇంట్లోనో, ఎవరికో పెళ్లి కుదిరిందనో, కంటోన్మెంటులో నీళ్లు రాని రోజులు గనక గుడి బావి దగ్గర పిల్లల్ని ఆడనివ్వొద్దనో. నెలలో మొదటి ఆదివారం, రొట్టె ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం రోజు కాబట్టి పీఠం మీద బల్లకు తెల్లగుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ అంచు ఒక పక్క కొంచెం ఎక్కువ దిగింది. కాంతమణి కంటికి అదే ముందు ఆనింది. గుడ్డ ఎక్కడ కనిపించినా అంచులు కలిశాయా లేదా అని చూడటం ఆమెకు పనిలో పట్టుకున్న గుణం. బస్సులో ముందు మనిషి తువ్వాలు చూసినా అంతే, చావుకు పోయి శవం మీద కప్పిన దుప్పటి చూసినా అంతే. పెళ్లి కాకముందు నుంచీ ఆ మిషను దవాఖాన బట్టల గదిలో పనిచేస్తూ ఉంది. చాకిరేవు నుంచి మూటలొస్తాయి. విప్పడం, చిరిగినవి ఒక పక్కకు, మచ్చ పోనివి ఒక పక్కకు, మంచివి మడతకు. వార్డు దుప్పట్లు, ఆపరేషను గది పచ్చగుడ్డలు, పసిపిల్లల చుట్టుడు బట్టలు. మడతపెట్టే బల్ల ఎత్తుగా ఉంటుంది, నిలబడి చేసేవాళ్ల నడుముకు సరిపోయేలా. కాంతమణి చేరిన కొత్తలో కుర్చీలో కూర్చుంటే బల్ల గడ్డం దాకా వచ్చేది. అప్పటి పెద్దామె, మేబెల్ మేడం కన్నా ముందు ఆ గది చూసుకున్న మనిషి, బ్రహ్మచారి అనే దవాఖాన వడ్రంగిని పిలిపించింది. బ్రహ్మచారి వచ్చి ఏమీ కొలవలేదు. కాసేపు ఆమె పని చూసి, బీడీ చెవి మీద పెట్టుకుని, కాలు ఎక్కడ ఆనిస్తవమ్మా అని అడిగాడు. కొన్నాళ్లకు ఎత్తు స్టూలు తెచ్చాడు. ఎడమ కాలి కింద ఒక పీట, దాని అంచున చిన్న గట్టు, క్యాలిపరు బూటు జారకుండా. ఆ గట్టు ఆమె అడగలేదు. ఏళ్లు గడిచి ఆ గట్టు బూటు రుద్దుకుని గుంటపడింది.

క్యాలిపరు అంటే తొడ నుంచి బూటు దాకా రెండు ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలి దగ్గర రెండు పక్కలా చెరొక రింగు. కూర్చునేటప్పుడు రింగులు పైకి లాగితే మోకాలు వంగుతుంది. నిలబడాలంటే కాలు చేత్తో తిన్నగా చాపి, దేన్నైనా పట్టుకుని లేవాలి, రింగులు కిందికి జారి టక్కున పడాలి. పడకపోతే మనిషే పడుతుంది. ఇదంతా చీర కింద జరిగే పని. చూసేవాళ్లకు ఒక ఆడమనిషి లేవడానికి బద్ధకిస్తున్నట్టే ఉంటుంది. చిన్నప్పుడు లంగా కింద కడ్డీలు కనిపించేవి. దారిన పోయేవాళ్లు జాలిపడేవాళ్లు, ఆమెకు సిగ్గేసేది. చీర కట్టే వయసు వచ్చాక కాలు లోపలికి పోయింది, జాలి పోయింది, హాయిగా ఉందనుకుంది. మిషను పెద్దాఫీసు నుంచి మనుషులు దవాఖాన చూడ్డానికి వచ్చిన రోజున ఆ చీరే ఆమె కొంప ముంచింది.

వాళ్లొచ్చేముందు మేబెల్ మేడం గది గదికీ తిరిగి చెప్పింది, లోపలికి రాగానే అందరూ లేచి నిలబడి నమస్కారం పెట్టాలని. ఆమె గుంటూరు వైపు మనిషి, ఇంతకుముందు వార్డులో సిస్టరు, బట్టల గదీ వంటగదీ ఊడ్చేవాళ్లూ అంతా ఆమె చేతికి కొత్తగా వచ్చింది. ఆ పొద్దున ఆమె భుజం దగ్గర పిన్ను తీసి పెట్టుకోవడం, మళ్లీ తీసి పెట్టుకోవడం కాంతమణి చూసింది. అయ్యో పాపం అనుకుంది కూడా. తలుపు తెరుచుకుంది. కింద కూర్చుని మూటలు విప్పుతున్న తోటి పనివాళ్లలో శ్యామలమ్మ లేచింది, డోరా లేచింది. కాంతమణి ఒళ్లో ఉన్న దుప్పటి బల్ల మీద పెట్టి, కాలు పీట మీంచి దింపి, చాపి, స్టూలు అంచు పట్టుకుంది. ఒక రింగు పడింది. రెండోది దారం పోగు చిక్కుకుని పడలేదు. ఆమె వంగి పోగు లాగుతూనే ఉంది, వచ్చినవాళ్లలో కళ్లజోడు మనిషి, ఈమెకు లేవడం అంత బరువా అన్నాడు, నవ్వుతూనే. దవాఖాన పెద్ద ధర్మరాజు గారు మేబెల్ వైపు చూశారు. అక్కడ ఒక్క మాట చాలు. ఆమెకు కాలు లేదండీ అంటే చాలు, పోలియో అంటే చాలు, చీర కొంచెం తొలగించి చూపించినా కాంతమణి ఏమీ అనుకునేది కాదు. మేబెల్ మేడం, చెప్తానండీ, ఇకమీదట జాగ్రత్తగా ఉంటారండీ అంది. రెండో రింగు పడేసరికి గదిలో వాళ్లు లేరు. కాంతమణి నడుము బల్లకు ఆనించి నిలబడి, ఖాళీ గుమ్మానికి నమస్కారం పెట్టింది. చేతులు ఎత్తి ఉన్నాయి కదా, దించే ముందు పెట్టేసింది. డోరా ఫక్కున నవ్వి మళ్లీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాంతమణి కూడా నవ్వింది. అప్పుడింకా నవ్వొచ్చేది.

మర్నాడు స్టూలు లేదు. బల్ల కింద చూసింది, బీరువా వెనక చూసింది. శ్యామలమ్మ తల ఎత్తకుండా, మేడం తీయించింది, గీడ అందరు నిలబడే చెయ్యాల్నట అని చెప్పింది. శ్యామలమ్మ బొట్టు పెట్టుకునే మనిషి, పొద్దున్నే వచ్చి గది తాళానికి దండం పెట్టుకుని తీస్తుంది, ఎవరి తగాదాలోకీ పోదు. ఆ రోజు మాత్రం కాంతమణి వాటా మూట సగం తన వైపు లాక్కుంది. మేడం వచ్చి చూసి, ఎవరి పని వాళ్లే చెయ్యాలి శ్యామలమ్మా అని సగం మూటను కాలితో కాదు, చేత్తోనే, మర్యాదగానే వెనక్కి జరిపింది. ఆమె చేసే పని ఏదైనా మర్యాదగానే ఉంటుంది. అదే కాంతమణికి అర్థం కాదు. తిడితే తిట్టు అని తెలుస్తుంది. స్టూలు ధర్మరాజు గారి గది ముందు కనిపించింది, దాని మీద పూలకుండీ పెట్టారు. నీళ్లు కారి కాలిపీట నల్లబడింది. కాంతమణి మందుల గదికి పోతూ దాన్ని చూసింది, వస్తూ చూసింది. మరుసటి రోజు నుంచి చూడలేదు, ఆ వసారా వదిలి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టింది. చుట్టు తిరిగితే దూరం. కాలు ఒప్పుకోదు. అయినా పోయింది.

పోలియో కాలంటే మొద్దు అనుకుంటారు జనం. గిచ్చినా తెలియదనుకుంటారు. ఒకసారి బస్సులో ఒకడు బూటు తొక్కి, ఆ కాలే కదా అన్నట్టు ఊరుకున్నాడు. ఆ కాలికి బలం లేదు గాని తెలివిడి అంతా ఉంది. చీమ పాకితే తెలుస్తుంది, చలికి తెలుస్తుంది, పట్టీ కింద తోలు చెమటకు నాని చర్మం లేచిపోతే మంట మామూలు కాలికన్నా ఎక్కువే తెలుస్తుంది. నిలబడి చేయడం మొదలైనప్పటి నుంచి తొడ దగ్గర పుండు పడింది. రోజూ ఇంటికి పోయి ప్రభుదాసు కొబ్బరినూనె వెచ్చచేసి ఇస్తే రాసుకుంటుంది. మంట ఉంది, ఆ సంగతి ఆమెకు తెలుసు, కానీ పక్క గదిలో ఎవరో మూలుగుతుంటే వినిపించినట్టు తెలుసు. మొద్దుబారింది కాలు కాదు. అది ఎక్కడ మొదలైందో ఆమెకు దొరకలేదు. కడుపులోనా, రొమ్ములోనా. మేడం పిలిస్తే, మంచిది మేడం అంటుంది. మూట ఇస్తే తీసుకుంటుంది. మడతలు మాత్రం ఎప్పటిలాగే అంచుకు అంచు కలుస్తాయి. చేతులకు తెలియదేమో.

అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. ఈ ఆదివారం ఆయన గొంతు జలుబుతో ఉంది, ప్రతి మాటకూ గొంతు సవరించుకుంటున్నారు. పక్కన రోసమ్మవ్వ అప్పుడే కునికింది. రోసమ్మవ్వకు కళ్లలో శుక్లాలు, ఉదయం వెలుతురులో మనిషి ఆకారం తెలుస్తుందంతే. గుడికి వచ్చినప్పుడల్లా కాంతమణి పక్కన కూర్చుంటుంది. నాకు కండ్లు లేవు నీకు కాలు లేదు, ఇద్దరం కలిస్తే ఒక మంచి మనిషి అవుతం అంటుంది, తన మాటకు తనే నవ్వుకుంటుంది. కాంతమణి మగవాళ్ల వైపు చూసింది. ప్రభుదాసు కిటికీ పక్కన, తెల్లచొక్కా, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో గోదాము కాపలా ఆయనది. ఒంటికి ఎప్పుడూ ఉల్లిగడ్డ వాసన. ఇద్దరి సంపాదన కలిస్తేనే ఇల్లు నడుస్తుంది. ఆమెది పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అయినా పొద్దున బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయన ఆ సంగతి ఎత్తలేదు. మార్కెట్టులో హమాలీ బిక్షం చెప్పిన ముచ్చట చెప్పాడు, కాలు చెయ్యి లేనోళ్ల కోసం ఢిల్లీలో ఏదో కానూన్ చేసిన్రట అని. అది సర్కారు నౌకర్లకా అందరికా అని ఆమె అడిగితే, బిక్షానికి గంత దాక తెల్వదు అన్నాడు. బస్సు వచ్చే దారి చూస్తూ, నీకు తక్లీఫ్ ఉంటే ఇడిసిపెట్టు, ఏదో ఒకటి చూద్దాం అన్నాడు. నిన్నటి నుంచి ఆ మాట అనాలని ఎంత కూడబలుక్కున్నాడో ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆయన మంచితనానికి కూడా లోపల ఏదీ కదలలేదు. బస్సొచ్చింది, ఆయన ముందెక్కి చెయ్యి ఇచ్చాడు, ఆమె ఎక్కింది.

నిన్న శనివారం మేబెల్ మేడం ఆమెను గదిలోంచి పిలిచి, బట్టలారేసే దొడ్లోకి తీసుకుపోయింది. తీగల మీద పచ్చగుడ్డలు ఆరుతున్నాయి. ఎండ పడి వాటి వెనక ఆమె ముఖం కూడా పచ్చగా కనిపించింది. ముందు కాలు ఎలా ఉందని అడిగింది. ఇంటి దగ్గర అంతా బాగేనా అంది. తర్వాత, పెద్దాఫీసు వాళ్లు మళ్లీ వస్తారని, వచ్చేలోగా ఈ సంగతి తేల్చమని ధర్మరాజు గారు రోజూ తనను నిలదీస్తున్నారని చెప్పింది. ఆ చెప్పేటప్పుడు నిజంగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“చూడమ్మా కాంతమణీ, నీ మంచి కోరే చెప్తున్నాను. వాళ్ల చేత పనికిరావని అనిపించుకోవడం దేనికి? ఒంట్లో బాగోలేదని నీ అంతట నువ్వే రాసిచ్చేస్తే మర్యాదగా ఉంటుంది. రేపు గుడి అయ్యాక నాకో మాట చెప్పు.”

కాంతమణి అప్పుడు అడగాలనుకున్నది ఒకటి ఉంది. స్టూలు ఉన్నన్నాళ్లు నేను పనికిరానా మేడం అని. తీగ మీద ఒక పచ్చగుడ్డ అంచు మడత పడి ఆరుతోంది, ఆరితే అలాగే గట్టిపడుతుంది. చెయ్యి చాచి దాన్ని సరిచేసింది. మంచిది మేడం అంది. మేబెల్ మేడం తేలికపడి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి మంచి చెయ్యే. గుడిలో అదే చెయ్యి. అందరూ సంస్కారానికి పీఠం దగ్గరికి పోయి కటకటాల ముందు మోకరిస్తారు, కాంతమణికి కాలు మడిచి మోకరించడం కుదరదు. ఇంతకుముందు ఉన్న అయ్యగారి రోజుల్లో అందరూ పుచ్చుకుని వచ్చాక ఆయనకు గుర్తుంటే తెచ్చేవారు, లేకపోతే లేదు. తేని నాడు, బెంచీలోనే ఉండిపోయిన ఆమెను చూసి కొత్తవాళ్లు, ఏం తప్పు చేసిందో సంఘం దూరం పెట్టింది కాబోలు అనుకునేవాళ్లు. ఒకావిడ నేరుగా వచ్చి, ఏమైనా పాపం ఉంటే ఒప్పుకో అమ్మా, దేవుడు దయగలవాడు అని చెప్పిపోయింది కూడా. మేబెల్ మేడం ఈ సంఘానికి వచ్చాక ఆ సంగతి చూసింది. మొదటి నెలలోనే తనే లేచి, అయ్యగారి ముందు నడిచి ఆయన్ను కాంతమణి దగ్గరికి తీసుకొచ్చింది. అప్పటి నుంచి ప్రతి నెలా అంతే. రొట్టె ఇచ్చేటప్పుడు పక్కన నిలబడి తల వంచుకుంటుంది. ఆ తల వంచడం నాటకం కాదు. ఇక్కడ కూర్చోపెట్టి తెచ్చి ఇచ్చే మనిషి, అక్కడ నిలబెట్టిన మనిషి, ఇద్దరూ ఒక్కరేనా అని మొదట్లో ఆమె చాలా ఆలోచించింది. రెండు దుప్పట్లు ఒకే రంగు, ఒకే కొలత, ఒకదాని మీద ఒకటి పరిస్తే అంచులు కలవవు. ఎటు లాగినా కలవవు. ఆలోచించి ఆలోచించి వదిలేసింది.

సంస్కారపు బల్లకు దూరమైన మనిషి ఆమె ఇంట్లోనే ఒకరు ఉన్నారు. నాన్న యెషయా. మౌలాలి రైల్వే కాలనీ, నాన్న పట్టాల పని. ఆమెకు జ్వరం వచ్చి తగ్గాక ఒక కాలు గుడ్డపీలికలా వేలాడింది. దవాఖాన డాక్టరు చేసేదేమీ లేదన్నాడు. పక్కింటి బాలమ్మ, గుట్ట మీద దర్గాకు తీసుకుపో యెషయా, ఎందరికో బాగైంది అని చెప్పింది. నాన్న ఆమెను భుజం మీద ఎక్కించుకుని మెట్లెక్కాడు. ఆమెకు ఇప్పటికీ గుర్తున్నది ఆయన తలలోని చెమట వాసన, కింద చిన్నగా కనిపించిన రైలు డబ్బాలు, పైన ఒక ముసలాయన నెమలీకల కట్టతో కాలు మీద కొడితే చక్కిలిగింత పెట్టి ఆమె నవ్వడం. కాలు బాగు కాలేదు. కాలనీ గుడి పెద్దలకు మాత్రం తెలిసిపోయింది. నాన్నను బల్లకు దూరం పెట్టారు. తప్పయిందని సంఘం ముందు అంటే మళ్లీ చేర్చుకుంటామన్నారు. నాన్న గుడికి పోవడం మానలేదు. ప్రతి మొదటి ఆదివారం వెనక బెంచీలో ఆమెను ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు, అందరూ పోయి మోకరించి వస్తుంటే చూసేవాడు. అమ్మ ఏడ్చేది, ఒక్క మాట అంటే అయిపోతది గదా అని. బిడ్డను ఎత్తుకుని మెట్లెక్కిన, గది తప్పని ఎట్లంట అనేవాడు నాన్న. గొంతు పెంచేవాడు కాదు. అంతకన్నా ఎక్కువ మాట్లాడేవాడూ కాదు. ఎన్నాళ్లు గడిచాయో, ఒక ఆదివారం ఆ గుడి అయ్యగారే రొట్టె పట్టుకుని వెనక బెంచీ దాకా నడిచి వచ్చారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. నాన్న దోసిలి పట్టాడు. గోళ్లలో గ్రీసు నలుపు. నాన్నకు అన్నాళ్లూ బాధనిపించిందా, లేక ఇలాగే ఏమీ అనిపించకుండా కూర్చున్నాడా? అడగాల్సింది. బతికున్నప్పుడు ఇలాంటివి అడగాలని తోచదు.

ప్రసంగం అయిపోయింది. ప్రార్థనకు అందరూ మోకరించారు. ఆమె తల వంచుకుంది. అయ్యగారు రోగుల కోసం ప్రార్థించారు, పరీక్షలు రాసే పిల్లల కోసం, దేశాన్ని ఏలేవాళ్ల కోసం. మేబెల్ మేడం ముందు బెంచీలో గట్టిగా ఆమేన్ అంది. ఇంకాసేపటికి సమాధానం ఇచ్చుకుంటారు, ఒకరికొకరు శాంతి చెప్పుకోవడం. సంస్కారానికి ముందు అది పద్ధతి. మనసులో ఎవరి మీదనైనా ఏదైనా ఉంటే అక్కడే తీరిపోవాలని. అయ్యగారి చేతుల్లోంచి మొదలవుతుంది. ఒకరు రెండు అరచేతులూ కలిపి చాస్తారు, ఎదుటివాళ్లు ఆ చేతుల్ని తమ రెండు చేతుల మధ్యకు తీసుకుంటారు, సమాధానం అంటారు, అందుకున్నవాళ్లు పక్కవాళ్లకు, వాళ్లు ఆ పక్కవాళ్లకు, బెంచీ చివర నుంచి వెనక బెంచీకి. ఆడవాళ్ల వైపు అది మేబెల్ మేడం దగ్గరికి వస్తుంది, ఆమె వెనక్కి తిరిగి, కూర్చుని ఉన్న కాంతమణి మీదికి వంగి ఇస్తుంది, కాంతమణి రోసమ్మవ్వకు ఇస్తుంది. అక్కడి నుంచి వెనక్కి పోతుంది, తలుపు దాకా.

నిలబడండి అన్నారు అయ్యగారు. చీరల గోడ లేచింది. కాంతమణి ఆ మసకలో కూర్చుని ఉంది. ముందు నుంచి చేతులు కలుస్తున్న చిన్న చప్పుడు, గాజుల చప్పుడు, ఒకరి తర్వాత ఒకరు గొణుగుతున్న ఆ ఒక్క మాట దగ్గరికొస్తున్నాయి. లేవాలని ఆమె అనుకోలేదు. ఎందుకు లేచిందో తర్వాత కూడా ఆమెకు తేలలేదు. కాలు చాపుకున్నది మాత్రం తెలుసు. ముందు బెంచీ వీపును రెండు చేతులా పట్టుకుని ఒళ్లు పైకి లాక్కుంది. రింగులు రెండూ ఒక్కసారే పడ్డాయి. ఆ నెమ్మదిలో ఆ టక్కు గుడంతా వినిపించింది. రోసమ్మవ్వ ఉలిక్కిపడి ఇటు తిరిగింది. బరువు కాలి మీద పడగానే తొడ పుండు భగ్గుమంది. పక్క గదిలో కాదు, తన ఒంట్లోనే.

మేబెల్ మేడం ఎప్పటిలాగే వంగే వెనక్కి తిరిగింది. వంగిన ముఖానికి ఎదురుగా కాంతమణి నడుము ఉంది. తల ఎత్తింది. ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తులో ఉండటం ఆ గుడిలో అదే మొదలు.

“సమాధానం” అంది, చేతులు చాచి.

కాంతమణి చేతులు బెంచీ మీదే ఉన్నాయి. పట్టు బిగిసి వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. మేబెల్ మేడం వినపడలేదనుకుని, మళ్లీ అదే మాట అంది.

“నిలబడితే నాకు చేతులు ఖాళీ ఉండవు మేడం” అంది కాంతమణి.

మేబెల్ మేడం అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించి, “అయ్యో, నువ్వెందుకు లేచావమ్మా? కూర్చో. కూర్చునే తీసుకో” అంది. ఆ గొంతులో కపటం లేదు. నిజంగానే ఆ కాలు చూసి, ఆ మంట తెలిసి అన్నట్టు అంది. ఈ గుడిలో ఆమెకు ఆ మాట అంత తేలిగ్గా వచ్చింది.

“గిదే మాట రేపు బట్టల గదిల అనుండ్రి మేడం, అందరి ముంగట” అంది కాంతమణి. “నేనైతే ఏం రాసియ్య. పొద్దుగాల పనికొస్త.”

గొంతు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. మేబెల్ మేడం ముఖంలో రంగు మారింది. చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. సమాధానం ఇవ్వడానికి పద్ధతి ఉంది గాని, చాచిన చేతులు వెనక్కి తీసుకోవడానికి ఆ ఆరాధనలో పద్ధతేమీ లేదు. మగవాళ్ల వైపు అది ఎప్పుడో వెనక తలుపు దాకా పోయి, వాళ్లు కూర్చోవడానికి చూస్తున్నారు. ప్రభుదాసు ఒక్కడూ ఇటే చూస్తున్నాడు. ఆడవాళ్ల వైపు వెనక బెంచీలన్నీ నిలబడి ఎదురుచూస్తున్నాయి. ఎవరో చిన్నగా దగ్గారు. ఇప్పుడైనా ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని కాంతమణి చూసుకుంది. గెలిచినట్టు లేదు. భయం కూడా లేదు. తొడ మండుతోంది, అంతే.

రోసమ్మవ్వ రెండు చేతులూ కలిపి ముందుకు పెట్టుకుని ఉంది. అవి అలా ఎంతసేపటి నుంచో ఉన్నాయి. శుక్లాల కళ్లు ఎటో పెట్టి, మోచేత్తో కాంతమణిని తాకి, వచ్చిందా బిడ్డా అని అడిగింది.

“ఇంక రాలే అవ్వా.”

“గట్లనా” అంది రోసమ్మవ్వ. “రానియ్యి. నిలబడే ఉంట.”

చేతులు దించకుండా, ఒళ్లు కొంచెం కాంతమణి వైపు ఆనించి, నిలబడింది.